బడిని ముందు బక్కచిక్కిస్తారు, ఆ తర్వాత మూసేస్తారు

ప్రభుత్వ బడికి తాళం పడేది ఒక్క రోజులోనే. ఆ రోజుకు రంగం సిద్ధం కావడానికి మాత్రం ఏళ్లు పడుతుంది. ముందు ఒక టీచరు పోస్టు ఖాళీ అవుతుంది, భర్తీ కాదు. తర్వాత లెక్కల సారు బదిలీ అవుతాడు, ఆ చోటికి ఎవరూ రారు. పైకప్పు కారుతుంది, మరుగుదొడ్డి పాడవుతుంది, మరమ్మతుల ఫైలు కదలదు. చూసి చూసి విసిగిన తల్లిదండ్రులు అప్పోసప్పో చేసి పిల్లల్ని మరో బడిలో వేస్తారు. అప్పుడు అధికారి వచ్చి తలలు లెక్కపెడతాడు. పిల్లలు తక్కువగా ఉన్నారు కాబట్టి ఈ బడి అక్కర్లేదని రాస్తాడు. పిల్లలు ఎందుకు తగ్గారన్న ప్రశ్నకు ఆ నివేదికలో చోటుండదు.

అమెరికాలోని షికాగో నగరం ఈ దారిలో చివరిదాకా నడిచింది. 2013 మే 22న ఆ నగర విద్యా బోర్డు ఒకే సమావేశంలో 50 ప్రభుత్వ బడుల మూసివేతకు ఆమోదం తెలిపింది. ఆ దేశంలో ఒక నగరం ఒకేసారి అంత పెద్ద సంఖ్యలో బడులు మూయడం అంతకుముందు ఎన్నడూ లేదు. రాబోయే ఆపదను చాలా ముందుగా పసిగట్టి, ఉపాధ్యాయ సంఘాన్ని తల్లిదండ్రుల పక్కన నిలబెట్టిన నాయకురాలు కరెన్ లూయిస్. ఆమె సాధించిన గెలుపు ఎంత పెద్దదో, దాని వెంటనే తగిలిన దెబ్బ కూడా అంత పెద్దది. రెండూ తెలుగు రాష్ట్రాలకు పనికొచ్చే పాఠాలే. తరగతుల విలీనం, హేతుబద్ధీకరణ అనే మాటలు మనకూ అలవాటైపోతున్నాయి కనుక ఆమె ప్రజాజీవితాన్ని ఇప్పుడు శ్రద్ధగా చదవాలి.

లూయిస్ 1953లో షికాగోలో పుట్టారు. తల్లి, తండ్రి ఇద్దరూ ఆ నగర ప్రభుత్వ బడుల్లో ఉపాధ్యాయులు. ఆమె చదివింది కూడా ప్రభుత్వ బడుల్లోనే. డార్ట్‌మత్ కళాశాలలో 1974లో పట్టా పుచ్చుకున్న తరగతిలో ఆమె ఒక్కరే నల్లజాతి మహిళ. తర్వాత సొంత ఊరికి తిరిగొచ్చి, ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో 22 ఏళ్లు కెమిస్ట్రీ చెప్పారు. సంఘం నాయకత్వానికి వచ్చేనాటికి ఆమెకు యాభై ఆరేళ్లు. అన్నేళ్లూ తరగతి గదిలో గడిపిన మనిషి కాబట్టి ప్రయోగశాలలో సామాన్లు లేకపోతే ఏమవుతుందో, ఒక గదిలో నలభైమందిని కుక్కితే వెనక బెంచీ పిల్లకు ఏం దక్కుతుందో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆమె ఎదుర్కొన్న వ్యవస్థ ఒక్కరోజులో ఏర్పడింది కాదు. 1995లో ఇల్లినాయ్ రాష్ట్రం చట్టం తెచ్చి షికాగో బడుల పెత్తనాన్ని నగర మేయర్ చేతికి అప్పగించింది. విద్యా బోర్డు సభ్యుల్ని ప్రజలు ఎన్నుకునే వీలు అప్పట్లో లేదు. మేయర్ నియమించినవారే బోర్డు. తరగతిలో ఎంతమంది పిల్లలుండాలి అనే విషయంపై సంఘంతో బేరమాడాల్సిన బాధ్యతను కూడా ఆ చట్టంతోనే తీసేశారు. ఉపాధ్యాయులు జీతం కోసం సమ్మె చేయవచ్చు, పిల్లల తరగతి గది కోసం చేయడానికి వీల్లేకుండా పోయింది. ఈ ఒక్క నిబంధన గుర్తుపెట్టుకోదగ్గది. టీచర్లను జీతాలకే పరిమితం చేసి, ఆ తర్వాత వాళ్లకు జీతాల యావ తప్ప మరొకటి లేదని నిందించడానికి అది దారి వేసింది.

2004లో నాటి మేయర్ రిచర్డ్ డేలీ 'రెనెసాన్స్ 2010' అనే పథకం ప్రకటించారు. సరిగా నడవని బడులు మూసి, వందకు పైగా కొత్త బడులు తెరుస్తామన్నారు. కొత్తవాటిలో ఎక్కువ భాగం చార్టర్ బడులు. అంటే డబ్బు ప్రభుత్వానిది, నిర్వహణ ప్రైవేటు సంస్థలది. అప్పటి బడుల అధిపతి ఆర్నీ డంకన్ 2009లో ఒబామా ప్రభుత్వంలో విద్యాశాఖ మంత్రి అయ్యారు. షికాగో నమూనాకు దేశమంతటా గిరాకీ వచ్చింది. 2011లో మేయర్ పదవి చేపట్టిన రామ్ ఇమాన్యుయేల్ అంతకుముందు ఒబామాకు ముఖ్య సహాయకుడు. వీళ్లంతా డెమోక్రటిక్ పార్టీవాళ్లే. పేదల పార్టీగా, కార్మికుల పార్టీగా పేరున్న పార్టీ ఏలుబడిలోనే ఇదంతా జరిగింది. మా పార్టీ వస్తే బడులకు ఢోకా ఉండదని నమ్మేవాళ్లు ఈ విషయం మరొకసారి చదవాలి.

2008లో కొద్దిమంది టీచర్లు కలిసి సంఘంలో ఒక వర్గంగా ఏర్పడ్డారు. దాని పేరు కోర్. లూయిస్ అందులో ఒకరు. అప్పటి సంఘం నాయకత్వం బడుల మూసివేతపై గట్టిగా నిలబడటం లేదని వారి ఆరోపణ. సంఘం ఎన్నికలకు ఇంకా రెండేళ్లు ఉంది. ఆ రెండేళ్లూ వాళ్లు చేసిన పని ఒక్కటే. మూసివేత జాబితాలో ఏ బడి పేరు వచ్చినా ఆ వాడకు వెళ్లడం, తల్లిదండ్రులతో కూర్చోవడం, బహిరంగ విచారణల్లో వాళ్ల పక్కన నిలబడి మాట్లాడటం. 2010 జూన్‌లో జరిగిన సంఘం ఎన్నికల్లో దాదాపు 60 శాతం ఓట్లతో లూయిస్ అధ్యక్షురాలయ్యారు. ఆమెను గెలిపించింది జీతాల వాగ్దానం కాదు, మూతపడబోయే బడుల ముందు రెండేళ్లుగా నిలబడ్డ ఆ నిలకడ.

గెలిచాక ఆమె బృందం మొదట చేసింది తమ జీతాలు తగ్గించుకోవడం. సంఘం నాయకులు టీచర్ల జీతాలకు తగ్గట్టే తీసుకోవాలన్నారు. మిగిలిన డబ్బును సంఘ నిర్మాణ పనికి మళ్లించారు. బడి బడికీ కమిటీ వేశారు, ప్రతినిధులకు శిక్షణ ఇచ్చారు. 2012 ఫిబ్రవరిలో షికాగో పిల్లలకు ఎలాంటి బడి కావాలో చెబుతూ సంఘం ఒక నివేదిక ప్రచురించింది. చిన్న తరగతులు, సంగీతం, చిత్రకళ, వ్యాయామం, గ్రంథాలయాలు, నర్సులు, పిల్లల సమస్యలు వినే సామాజిక కార్యకర్తలు అందులోని డిమాండ్లు. ప్రాథమిక బడుల్లో 160 చోట్ల గ్రంథాలయమే లేదని సంఘం పదే పదే చెప్పింది. ప్రభుత్వంతో బేరానికి కూర్చునే ముందే, తాము ఎవరి తరఫున మాట్లాడుతున్నారో ఊరందరికీ తెలిసేలా చేశారు.

అవతలి పక్షం ఊరుకోలేదు. 2011లో ఇల్లినాయ్ శాసనసభ మరో చట్టం చేసింది. షికాగో టీచర్లు సమ్మె చేయాలంటే సంఘం మొత్తం సభ్యుల్లో 75 శాతం మంది ఒప్పుకోవాలి. ఓటు వేయనివాడిని కూడా వ్యతిరేకంగా లెక్కగట్టే నిబంధన అది. ఆ చట్టం కోసం పనిచేసిన ఒక సంస్థ అధినేత, ఇక షికాగోలో సమ్మె జరిగే పని కాదని ఒక సభలో చెప్పిన వీడియో బయటికి వచ్చింది. తర్వాత ఆయన క్షమాపణ చెప్పుకున్నారు. 2012 జూన్‌లో ఓటింగ్ జరిగింది. మొత్తం సభ్యుల్లో దాదాపు 90 శాతం మంది సమ్మెకు ఒప్పుకున్నారు. టీచర్లను విడగొట్టడానికి పెట్టిన గీతే వాళ్లను ఒక్కటి చేసింది. చట్టం ఎంత కఠినంగా ఉన్నా, బడి బడిలోనూ పని జరిగితే దాన్ని దాటవచ్చని ఆ ఓటు నిరూపించింది.

2012 సెప్టెంబరు 10న సమ్మె మొదలైంది. దాదాపు 26 వేల మంది టీచర్లు ఎర్ర చొక్కాలతో వీధుల్లోకి వచ్చారు. మూడున్నర లక్షల మంది పిల్లల చదువు ఆగింది. 1987 తర్వాత, అంటే 25 ఏళ్లకు, ఆ నగరంలో టీచర్ల సమ్మె అదే మొదటిది. పిల్లల చదువు ఆగితే తల్లిదండ్రులు టీచర్ల మీద తిరగబడతారని నగర పాలకులు నమ్మారు. అలా జరగలేదు. ప్రభుత్వ బడుల్లో చదివే పిల్లల తల్లిదండ్రుల్లో ఎక్కువమంది సమ్మెకే మద్దతిస్తున్నారని ఆ రోజుల్లో జరిపిన సర్వేలు చెప్పాయి. ఏళ్ల తరబడి బహిరంగ విచారణల్లో పక్కన నిలబడ్డ టీచర్లను వాళ్లు గుర్తుపట్టారు.

వారం తిరిగేసరికి ఒప్పందం ముసాయిదా తయారైంది. నాయకత్వం దాన్ని ప్రతినిధుల సభ ముందు పెట్టింది. చదివి, మా బడుల్లో మాట్లాడి చెబుతామని ప్రతినిధులు రెండు రోజులు అడిగారు. లూయిస్ వాళ్ల మాటకు తల ఒగ్గారు. సమ్మె ఆపించమని మేయర్ కోర్టుకు వెళ్లారు. టీచర్లు ఫుట్‌పాత్‌ల మీద కూర్చుని ఒప్పందం కాగితాలు పేరా పేరా చదివారు. సెప్టెంబరు 18న సమ్మె విరమించారు. అక్టోబరులో 79 శాతం సభ్యులు ఒప్పందాన్ని ఆమోదించారు. జీతాలను పిల్లల మార్కులతో ముడిపెట్టే ప్రతిపాదనను అడ్డుకున్నారు. టీచర్ల మూల్యాంకనంలో పరీక్షల వాటాను చట్టం అడిగిన కనీస స్థాయి దగ్గరే ఆపారు. సంగీతం, చిత్రకళ, వ్యాయామం చెప్పే టీచర్ల నియామకానికి మాట తీసుకున్నారు. బడి తెరిచిన రోజే పిల్లల చేతికి పుస్తకాలు అందాలనే షరతు కూడా ఒప్పందంలో రాయించారు.

ఇంత పెద్ద గెలుపు వచ్చిన ఎనిమిది నెలలకే 50 బడుల మూసివేత ఖరారైంది. అసలు హెచ్చరిక ఇక్కడే ఉంది.

మూసివేతకు పాలకులు చూపిన కారణాలు రెండు. ఒకటి, దాదాపు వంద కోట్ల డాలర్ల లోటు. రెండు, బడులు సగం ఖాళీగా ఉన్నాయన్న లెక్క. తరగతికి 30 మంది పిల్లలు ఉండాలని ఒక సూత్రం పెట్టుకుని, దాని ప్రకారం దాదాపు 330 బడుల్లో చాలినంతమంది పిల్లలు లేరని తేల్చారు. తర్వాత జాబితా 129కి, మార్చి నాటికి 54కి తగ్గింది. చివరికి 50 మిగిలాయి. పైకి చూస్తే ఇది కూడికలూ తీసివేతలే. లోపలికి వెళితే ఆ లెక్క ఎంత గుడ్డిదో తెలుస్తుంది. వికలాంగ పిల్లలకు చిన్న తరగతులు చట్టప్రకారం ఉండాల్సిందే. తల్లిదండ్రుల బృందాలు ఎత్తిచూపినదేమంటే, ఆ తరగతులు నడిచే గదుల్ని కూడా ఆ సూత్రం ఖాళీ గదుల్లాగే చూసింది. పిల్లలకు ఎక్కువ శ్రద్ధ పెట్టే బడి ఆ లెక్కలో వృథా బడి అయింది.

బడులు ఖాళీ కావడానికి కారణాలు కూడా ప్రభుత్వం చేసిన పనుల్లోనే ఉన్నాయి. 2000 నుంచి షికాగో తన ప్రభుత్వ గృహ సముదాయాల్ని కూల్చేసింది. వేలాది నల్లజాతి కుటుంబాలు వాడలు వదిలి వెళ్లిపోయాయి. 2000 నుంచి 2010 లోపు నగరంలో నల్లజాతి జనాభా దాదాపు 1 లక్షా 80 వేలు తగ్గింది. అదే కాలంలో చార్టర్ బడులు తెరుచుకుంటూ పోయాయి. ఇళ్లు తీసేశారు, పక్కనే పోటీ బడి పెట్టారు, మిగిలిన బడికి నిధులు బిగించారు. ఆ తర్వాత ఇక్కడ పిల్లలు తక్కువని మూసేశారు. మూసివేతల వల్ల బడి మారాల్సి వచ్చిన దాదాపు 12 వేల మంది పిల్లల్లో ప్రతి పదిమందికి దాదాపు తొమ్మిదిమంది నల్లజాతివాళ్లే. మొత్తం నగర బడుల్లో వాళ్ల వాటా మాత్రం 40 శాతం దగ్గరే ఉండేది. 50 బడులు మూసిన కొద్ది నెలలకే, 2014 జనవరిలో, అదే బోర్డు ఏడు కొత్త చార్టర్ బడులకు అనుమతి ఇచ్చింది. డబ్బు లేదన్న వాదన అక్కడితో వీగిపోయింది.

మూసివేత నిర్ణయాన్ని నడిపించిన బడుల అధిపతి బార్బరా బైర్డ్ బెనెట్. మూసివేతలకు బోర్డు ఆమోదం తెలిపిన మరుసటి నెలలోనే, ప్రిన్సిపాళ్లకు శిక్షణ పేరుతో 2 కోట్ల డాలర్లకు పైబడిన కాంట్రాక్టును పోటీ టెండరు లేకుండా ఒక సంస్థకు అప్పగించారు. అది ఆమె గతంలో పనిచేసిన సంస్థే. ఆ కాంట్రాక్టు వెనక ముడుపుల ఒప్పందం ఉందని తర్వాత బయటపడింది. 2015లో ఆమె కోర్టులో నేరం ఒప్పుకున్నారు, 2017లో జైలు శిక్ష పడింది. ప్రజలు ఎన్నుకోని బోర్డు, ప్రజలకు జవాబు చెప్పనక్కర్లేని అధికారి, పైసా లేదన్న ప్రకటన, వెంటనే కాంట్రాక్టులు అన్నీ ఒకేచోట చేరితే ఏమవుతుందో ఇది చూపించింది.

పిల్లలకు మేలు జరిగిందా? షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ఇచ్చిన జవాబు సూటిగా ఉంది. మూసివేత ప్రకటించిన ఏడాదే ఆ బడుల పిల్లల చదువు దెబ్బతింది. గణితంలో ఆ వెనుకబాటు నాలుగేళ్లు కొనసాగింది. పిల్లల్ని చేర్చుకున్న బడులు సిద్ధంగా లేవు, సామాన్లు తరలించడంలో గందరగోళం జరిగింది, రెండు బడుల పిల్లల్ని కలిపిన చోట్ల తగాదాలు పెరిగాయి. పిల్లల మేలు కోసమే చేశామన్న మాటకు పిల్లల మార్కులే సాక్ష్యం చెప్పలేకపోయాయి. ఖాళీ చేసిన భవనాల్లో చాలా వాటికి పదేళ్ల తర్వాత కూడా కొత్త వాడకం దొరకలేదు.

లూయిస్ అక్కడితో ఆగలేదు. బడుల నిర్ణయాలు మేయర్ చేతిలో ఉన్నంతకాలం సమ్మెలు ఒక్కటే చాలవని ఆమెకు అర్థమైంది. 2015 మేయర్ ఎన్నికల్లో పోటీకి సిద్ధమయ్యారు. 2014 వేసవిలో వచ్చిన ఒక సర్వేలో ఇమాన్యుయేల్ కంటే ముందున్నారు. అక్టోబరులో ఆమె మెదడులో కేన్సర్ గడ్డ ఉందని తేలింది. ఆమె తప్పుకుని, తన బదులు పోటీ చేయమని హెసూస్ గార్సియాను ప్రోత్సహించారు. ఆయన ఓడిపోయినా, మేయర్‌ను రెండో విడత పోలింగ్ దాకా లాగారు. లూయిస్ 2018లో పదవీ విరమణ చేసి, 2021 ఫిబ్రవరి 7న 67 ఏళ్ల వయసులో మరణించారు.

ఆమె వేసిన దారిలో ఇతరులు నడిచారు. 2015లో మూసేసిన డయెట్ ఉన్నత పాఠశాల కోసం తల్లిదండ్రులూ స్థానికులూ 34 రోజులు నిరాహార దీక్ష చేశారు. మరుసటి ఏడాది ఆ బడి మళ్లీ తెరుచుకుంది. 2018లో వెస్ట్ వర్జీనియా, 2019లో లాస్ ఏంజెలస్ టీచర్లు సమ్మె చేసినప్పుడు షికాగో పేరు వినిపించింది. 2019 షికాగో సమ్మెలో ప్రతి బడికీ ఒక నర్సు, ఒక సామాజిక కార్యకర్త అన్న మాటను ఒప్పందంలో రాయించుకున్నారు. ఆమె చనిపోయిన ఏడాదే, తరగతి సంఖ్యపై బేరాన్ని అడ్డుకున్న 1995 నాటి నిబంధనను రాష్ట్రం ఎత్తేసింది. ఎన్నికైన విద్యా బోర్డు కోసం చట్టం కూడా అదే ఏడాది వచ్చింది. 2024 నవంబరులో మొదటిసారి ప్రజలు బోర్డు సభ్యుల్లో కొందరిని ఎన్నుకున్నారు. సంఘంలో పనిచేసిన బ్రాండన్ జాన్సన్ 2023లో నగర మేయర్ అయ్యారు.

కథ సుఖాంతమని చెప్పడం మాత్రం పాఠకుల్ని మోసగించడమే. అప్పు తెచ్చే విషయంపై తలెత్తిన గొడవలో, 2024 అక్టోబరులో జాన్సన్ నియమించిన బోర్డు సభ్యులంతా ఒకేసారి రాజీనామా చేశారు. పిల్లలు బాగా తగ్గిపోయిన బడులు నేటికీ ఉన్నాయి. వాటిని ఎలా నడపాలన్న ప్రశ్న ఇప్పుడు ఉపాధ్యాయ సంఘం బలపరచిన నాయకుల ముందే నిలబడింది. ఉపాధ్యాయ సంఘం పాలకుల పక్కకు చేరినప్పుడు కూడా, తల్లిదండ్రుల ముందు లెక్క చెప్పే బాధ్యత దానికి పోదు. అధికారం దగ్గరైన కొద్దీ ఆ బాధ్యత మరింత బరువవుతుంది. లూయిస్ సంపాదించిన విశ్వాసం ఆమె వారసులకు ఆస్తిలా దక్కదు. ప్రతి ఏడాదీ ప్రతి వాడలో మళ్లీ సంపాదించుకోవాల్సిందే.

ఇక మన దగ్గరికి వద్దాం. 2022 ఫిబ్రవరి 3న వేతన సవరణ (పీఆర్సీ) ఉత్తర్వులకు వ్యతిరేకంగా ఆంధ్రప్రదేశ్ ఉద్యోగులు, ఉపాధ్యాయులు చేసిన చలో విజయవాడ అందరికీ గుర్తుంది. పోలీసులు దారులు మూసినా వేలమంది చేరారు. అందులో టీచర్లది పెద్ద పాత్ర. అదే ఏడాది జూన్‌లో 117 జీవో వచ్చింది. ప్రాథమిక బడుల్లోని 3, 4, 5 తరగతుల్ని దగ్గర్లోని ఉన్నత పాఠశాలల్లో కలపడానికి అది దారి తీసింది. జులైలో బడులు తెరిచాక చాలా ఊళ్లలో తల్లిదండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని బడి గేటు ముందే ధర్నాకు దిగారు. చిన్నపిల్ల రోడ్డు దాటి, వాగు దాటి అంతదూరం ఎలా వెళ్తుందని వాళ్ల ప్రశ్న. సంఘాలు, ప్రోగ్రెసివ్ డెమోక్రటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్) ఎమ్మెల్సీలు ఊళ్లు తిరిగి విలీనాన్ని వ్యతిరేకించారు. అది మెచ్చుకోవాల్సిన పని. అయినా నిజం ఒప్పుకోవాలి. పీఆర్సీ రోజున కనిపించిన జనసముద్రం బడి గేట్ల దగ్గర కనిపించలేదు. 2025లో ఆ జీవో రద్దయింది. ఆ మూడేళ్లలో బడి మారిన పిల్లలు, ప్రైవేటు బస్సు ఎక్కిన పిల్లలు మాత్రం జీవో రద్దయినంత మాత్రాన వెనక్కి రారు.

తెలంగాణలోనూ ప్రమాదం ఇదే రూపంలో ఉంది. ఒక్క టీచరుతో అయిదు తరగతులు నడిచే బడులు, అసలు పిల్లలే లేరని రికార్డుల్లో రాసిన బడులు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. ఇలాంటి బడుల్ని ఉన్నవి ఉన్నట్టుగా కొనసాగించాలని ఎవరూ కోరరు. అయిదు తరగతులకు ఒక్క టీచరు ఉండటం పిల్లలకు అన్యాయమే. ఆ అన్యాయానికి మందు రెండో టీచరును వేయడం. ఉన్న టీచరును కూడా తీసేసి పిల్లల్ని మరో ఊరికి పంపడం మందు కాదు. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చినప్పుడు ప్రాథమిక స్థాయిలో 30 మంది పిల్లలకు ఒక టీచరు ఉండాలని రాసుకున్నాం. ఒకటో తరగతి పిల్లకు బడి నడిచి వెళ్లేంత దగ్గర్లో ఉండాలని నియమం పెట్టుకున్నాం. టీచర్ల నియామకాలు (డీఎస్సీలు) ఏళ్ల తరబడి వాయిదా వేసి, ఖాళీలు పేర్చుకుని, చివరికి పిల్లలు లేరని బడి కలిపేస్తే చట్టానికి లొంగినట్టు కనిపిస్తూనే చట్టాన్ని ఉల్లంఘించినట్టు.

మన ఉపాధ్యాయ సంఘాలకు షికాగో నాయకులకు లేని ఒక బలం ఉంది. రాజ్యాంగంలోని 171వ అధికరణ ప్రకారం శాసనమండలిలో దాదాపు పన్నెండో వంతు స్థానాలకు సభ్యుల్ని ఉపాధ్యాయులే ఎన్నుకుంటారు. లూయిస్ చట్టసభ తలుపు బయట నిలబడి పోరాడారు. మన నాయకులు సభ లోపల కూర్చుని ప్రశ్నించవచ్చు. అయితే అదే అధికరణ ఓటు హక్కును సెకండరీ స్థాయికి తగ్గని విద్యాసంస్థల్లో పనిచేసేవారికే ఇచ్చింది. ప్రాథమిక బడి టీచరుకు ఆ ఎన్నికలో ఓటు లేదు. మొదట మూతపడేది ప్రాథమిక బడి, ఆ ఎన్నికలో దాని తరఫున గట్టిగా అడిగే ఓటరే లేడు. ఉపాధ్యాయ ప్రతినిధులు తమకు ఓటు వేయలేని టీచరు కోసం, ఓటే లేని పిల్లల కోసం ఎంత గట్టిగా నిలబడతారన్న దాన్ని బట్టే వాళ్ల విలువ తేలుతుంది.

ఉపాధ్యాయ సంఘాలకు మా విన్నపం సూటిగా ఉంది. పీఆర్సీ అడగండి, డీఏ బకాయిలు అడగండి, బదిలీల్లో న్యాయం అడగండి. అవి మీ హక్కులు, వాటికి సిగ్గుపడాల్సిన పని లేదు. అయితే అంతటితో ఆగిపోతే, మీ బడి మూతపడే రోజున ఊరు మీ వెంట రాదు. మీ పిల్లలు ప్రైవేటు బడిలో ఉండగా మా పిల్లల బడి గురించి మీరెందుకు మాట్లాడుతున్నారని ఏ తల్లి అయినా అడిగితే, దానికి జవాబు ఇప్పుడే సిద్ధం చేసుకోండి. ప్రతి మండలంలో ఖాళీ పోస్టులు, కూలే గదులు, నీళ్లు రాని మరుగుదొడ్ల వివరాలు మీ చేతులతో రాసి ఊరి ముందు పెట్టండి. బడి యాజమాన్య కమిటీల్లో ఉన్న తల్లిదండ్రుల్ని సంతకాలకే పిలవకండి, నిర్ణయాలకు పిలవండి. షికాగోలో సమ్మెను నిలబెట్టింది ఇలాంటి పనే. రేపు మన దగ్గర బడుల్ని నిలబెట్టేదీ ఇదే.

ప్రభుత్వాలకు మా హెచ్చరిక కూడా అంతే సూటిగా ఉంది. ఏ బడినైనా కలపాలన్నా మూయాలన్నా, ముందు ఆ బడిలో గత అయిదేళ్లలో ఎన్ని పోస్టులు ఖాళీగా ఉంచారో, మరమ్మతులకు ఎంత ఖర్చు చేశారో రాతపూర్వకంగా ఊరి ముందు పెట్టాలి. తల్లిదండ్రుల సభ జరగకుండా, వాళ్ల అభ్యంతరాలకు జవాబు ఇవ్వకుండా ఏ తరగతినీ కదిలించకూడదు. పిల్లలు తగ్గారన్న ఒక్క లెక్క చాలదు. వాళ్లు ఎందుకు తగ్గారో చెప్పని లెక్కను ఏ ఊరూ ఒప్పుకోకూడదు.

షికాగోకు ఈ ప్రశ్నలు అడగగల నాయకురాలు దొరికారు. ఆమె పక్కన తొంభై శాతం టీచర్లు, వేలాది తల్లిదండ్రులు నిలబడ్డారు. అయినా 50 బడులు పోయాయి. ఎందుకంటే నిర్ణయం తీసుకునే కుర్చీలో ఉన్నవారిని ప్రజలు ఎన్నుకోలేదు, ప్రజలకు జవాబు చెప్పాల్సిన అవసరం వారికి లేకపోయింది. మన దగ్గర ఆ కుర్చీలో ఉన్నవారిని ఎన్నుకునేది మనమే. వాళ్ల చేత జవాబు చెప్పించే అవకాశం మన చేతిలో ఉంది. బడి మూసివేత ఉత్తర్వు వచ్చాక కదిలితే ఆలస్యమైపోతుంది. మీ ఊరి బడిలో టీచరు పోస్టు ఖాళీ అయి, నెల తిరిగినా ఎవరూ రాకపోతే అడగాల్సిన రోజు అదే.